తోషా, ఖుర్జీ, బిస్తర్‌బంద్, బ్యాక్‌ప్యాక్: ముసాఫిర్ సంచి కథ

శుక్రవారం జుమా చదువుకుని బస్సో రైలో ఎక్కి, ఆదివారం ఇషా వేళకు ఇల్లు చేరే సఫర్‌కి ఎంత సామాన్ కావాలి? ఇప్పటి పిల్లల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఒక్క బ్యాక్‌ప్యాక్ చాలంటారు. పొడవు 55 సెంటీమీటర్లు, వెడల్పు 35, మందం 20. గుణిస్తే 38.5 లీటర్ల చోటు. విమానంలో నెత్తి మీది అరలో పడుతుంది, బస్సులో కాళ్ల దగ్గర ఒదుగుతుంది. సూట్‌కేసులాగా పూర్తిగా తెరుచుకుంటుంది. లాప్‌టాప్‌కి ఒక అర, చెప్పులకు ఒక అర, నీళ్ల సీసాకు పక్క జేబు. జానమాజ్ మడిచి పెట్టుకోవడానికి ముందు జేబు సరిగ్గా సరిపోతుంది.

మా ఇంట్లో ఈ బ్యాగు మీద పిల్లల మధ్య చాలా రోజులు బహస్ నడిచింది. ఏ రంగు, ఎన్ని జిప్పులు, వానకు తడుస్తుందా లేదా అని. అది వింటూంటే నాకు వేరే సవాల్ పుట్టింది. మన బుజుర్గులు సఫర్‌కి ఏం పట్టుకెళ్లారు? వాళ్ల సంచి ఎందుకు ఒక కాలంలో చిన్నగా, ఒక కాలంలో ఇంత పెద్దగా ఉంది? వెతుక్కుంటూ పోతే నాకు అర్థమైంది ఇది: సంచి ఎంత ఉండాలో చెప్పేది ముసాఫిర్ కాదు, దారి. దారిలో నీళ్లు, రొట్టె, పడక, సలాం చెప్పే మనిషి దొరుకుతారనుకుంటే సంచి చిన్నదవుతుంది. దొరకరనుకుంటే ఇల్లంతా మోసుకుని పోవాలి. అందుకని సంచి తారీఖ్ రాస్తే అది దారుల తారీఖ్ అవుతుంది, దారిలో మనకు ఆసరా ఇచ్చినవాళ్ల తారీఖ్ అవుతుంది.

నితాఖ్ చింపి కట్టిన మూట

మన తారీఖ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన సఫర్ హిజ్రత్. 622వ సంవత్సరం. మక్కాలో హజ్రత్ అబూబకర్ (ర) ఇంట్లో ప్రవక్త (స) సఫర్‌కి తోషా సిద్ధమవుతోంది. తోషా అంటే దారి తిండి. అరబీలో జాద్ అంటారు, ఫార్సీ నుంచి మనకు తోషా అనే మాట వచ్చింది. తిండి మూట కట్టారు, నీళ్ల తోలుతిత్తి నింపారు. వాటి మూతి బిగించడానికి ఇంట్లో తాడు కనిపించలేదు. అప్పుడు అబూబకర్ (ర) గారి బేటీ హజ్రత్ అస్మా (ర) తన నడుముకు కట్టుకున్న నితాఖ్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదానితో తిండి మూట, ఇంకోదానితో నీళ్ల తిత్తి కట్టారు. అందుకే ఆమెకు జాతున్నితాఖైన్, అంటే రెండు నితాఖ్‌ల ఆవిడ, అనే లఖబ్ దక్కింది.

సహీ బుఖారీలో ఉన్న ఈ వాఖియాను మనం పిల్లలకు అస్మా (ర) ధైర్యం గురించి చెప్పేటప్పుడు చెబుతాం. నేను ఆ మూట వైపు నుంచి చూస్తున్నాను. అది చిన్న మూట. ఇద్దరు మనుషులకి, గారె సౌర్‌లో మూడు రాత్రులకి. అంత చిన్న మూటతో ఎలా సరిపోయింది? ఎందుకంటే ఆ మూట వెనక మనుషులున్నారు. అబూబకర్ (ర) కొడుకు అబ్దుల్లా పగలు మక్కాలో ఉండి ఖురైష్‌ల మాటలు విని, చీకటి పడ్డాక గుహకు వచ్చి ఖబర్ చెప్పేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా మేకల మందను అటు తోలుకొచ్చి పాలు అందించేవారు. దారి చూపడానికి ఒక రహబర్‌ను ముందే మాట్లాడుకున్నారు. ఆయన అప్పటికి ముస్లిం కూడా కాదు, అయినా నమ్మకం మీద ఒంటెలు ఆయన చేతికి ఇచ్చారు. సంచి చిన్నది, ఇంతెజామ్ పెద్దది.

తవక్కుల్ అంటే ఖాళీ చేతులు కాదు

సంచి అసలు ఎందుకు, అల్లాహ్ ఇస్తాడు కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. యమన్ నుంచి కొందరు హజ్‌కి తోషా లేకుండా బయల్దేరేవారని, మేము తవక్కుల్ చేసేవాళ్లం అనేవారని, మక్కా చేరాక జనం ముందు చేయి చాపేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) రివాయత్ ఉంది. ఆ సందర్భంలోనే సూరె బఖరా 197వ ఆయత్ వచ్చిందని ఆయన చెప్పారు. ఆ ఆయత్ హజ్‌కి పోయేవాళ్లను తోషా తీసుకుని పొమ్మంటుంది. ఆ వెంటనే, తోషాలన్నిటిలో ఉత్తమమైనది తఖ్వా అని గుర్తు చేస్తుంది. మన ఖుత్బాల్లో రెండో మాట ఎక్కువ వినిపిస్తుంది. కానీ మొదటి మాట హుకుం. సంచి సర్దుకో, ఇతరుల మీద బోఝ్ కాకు అని.

ఇంకో వాఖియా చూడండి. హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (ర) సర్దారీలో మూడు వందల మంది సముద్రం ఒడ్డుకు పోయారు. దారిలో తోషా అయిపోవస్తోంది. ఆయన ఏం చేశారంటే, ఎవరి దగ్గర ఎంత ఉందో అంతా ఒక్కచోట పోయించారు. మొత్తం రెండు సంచుల ఖర్జూరాలు అయ్యాయి. రోజూ కొంచెం కొంచెం పంచారు. చివరికి మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరం. ఒక్క ఖర్జూరంతో ఏమవుతుందని తర్వాత ఎవరో అడిగితే, అది కూడా లేని రోజు దాని విలువ తెలిసిందని హజ్రత్ జాబిర్ (ర) అన్నారు. తర్వాత అల్లాహ్ సముద్రం నుంచి ఒక పెద్ద చేపను ఒడ్డుకు చేర్చాడు, లష్కర్ అంతా రోజుల తరబడి దాన్నే తిన్నారు. అష్అరీ ఖబీలా వాళ్ల గురించి కూడా ఇలాంటి మాటే ఉంది. సఫర్‌లో తిండి తక్కువైతే అందరూ తమ దగ్గరున్నది ఒకే గుడ్డలో వేసి, ఒకే గిన్నెతో కొలిచి సమానంగా పంచుకునేవారు. ప్రవక్త (స) వాళ్లను తన వాళ్లని మెచ్చుకున్నారు.

అంటే మన దగ్గర సంచికి రెండు అదబ్‌లు వచ్చాయి. ఒకటి, ఖాళీ చేతులతో పోవద్దు. రెండు, సంచి నీదైనా పక్కవాడి ఆకలి ముందు దానికి ముడి ఉండకూడదు. మన ఇళ్లలో రైలు సఫర్‌కి అమ్మీలు పరాఠాలు, ఖీమా, అచార్ డబ్బా కట్టేటప్పుడు ఎప్పుడూ లెక్కకు మించి నాలుగు ఎక్కువ పెడతారు. ఎందుకమ్మీ అంటే, పక్క సీటులో ఎవరుంటారో ఏమో అంటారు. ఆ నాలుగు పరాఠాల వెనక పద్నాలుగు వందల ఏళ్ల రివాజ్ ఉంది.

ఖుర్జీ, పెరిక, సరాయి

ఒంటెలు, గుర్రాలు, గాడిదల కాలంలో సంచి మనిషి వీపు మీద ఉండేది కాదు, జంతువు వీపు మీద ఉండేది. ఉన్నితో నేసిన జంట సంచి, జీను వెనక అటొకటి ఇటొకటి వేలాడేది. ఫార్సీలో ఖుర్జీన్, ఉర్దూలో ఖుర్జీ. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి, లేకపోతే జంతువు నడవదు. తెలుగులో ఇదే పనికి వేరే మాట ఉంది, పెరిక. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని పోయే జంట సంచి. పెరిక ఎద్దుల బారులు ఈ నేల మీద రైలు రాకముందు సరుకు తిప్పాయి. ఖుర్జీ, పెరిక రెండూ ఒకే అక్కర నుంచి పుట్టిన అక్కాచెల్లెళ్లు.

ఖుర్జీ ఎంత పెద్దదైనా దానికి ఒక హద్దు ఉంటుంది. వేల మైళ్ల సఫర్ దాని మీదే నడవదు. ఇబ్నె బతూతా 1325లో టాంజియర్ నుంచి ఒంటరిగా బయల్దేరాడు. అప్పుడు 21 ఏళ్లు. హిందుస్తాన్ వచ్చి, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో ఖాజీ అయ్యాడు. తర్వాత సుల్తాన్ రాయబారిగా చైనాకు తోహ్ఫాలతో పంపాడు. కాలికట్ దగ్గర తుఫానులో ఓడ పగిలింది, ఇంకో ఓడ అతని సామాన్‌తోనే వెళ్లిపోయింది. ఒడ్డున అతనికి మిగిలింది పది దీనార్లు, పడుకోవడానికి పరుచుకునే జంఖానా. ఇప్పటి మాటలో చెప్పాలంటే లగేజీ మొత్తం పోయింది, క్యాబిన్ బ్యాగు కూడా లేదు.

అయినా సఫర్ ఆగలేదు. హొన్నావర్ పోయాడు, అక్కణ్ణుంచి మాల్దీవులు పోయాడు, అక్కడ మళ్లీ ఖాజీ అయ్యాడు. ఎలా? ప్రతి ఊర్లో ఒక మస్జిద్, ఒక ఖాన్‌ఖా, ఒక ఖాజీ, ముసాఫిర్‌కు పూటకు రొట్టె పెట్టే ఒక వఖ్ఫ్. అతని అసలు తోషా అతని ఇల్మ్. దాన్ని తుఫాను ముంచలేదు, దొంగలు ఎత్తుకుపోలేదు.

మన వైపూ దారులు అలాగే ఉండేవి. ఉత్తరాన షేర్‌షా సూరీ (1540 నుంచి 1545) ప్రతి రెండు కోసులకు ఒక సరాయి కట్టించాడని, హిందువులకు, ముస్లింలకు ఎవరి వంట వాళ్లకు వేర్వేరుగా ఇంతెజామ్ చేయించాడని తారీఖ్‌లో ఉంది. దక్కన్‌లో కుతుబ్‌షాహీలు అదే పని చేశారు. హైదరాబాద్‌లో షేక్‌పేట సరాయి ఇప్పటికీ నిలబడి ఉంది. మనుషులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు సాలలు. ఇంకోవైపు, విజయవాడ బస్సు ఎక్కినవాళ్లు రోజూ దాటిపోయే హయత్‌నగర్. ఆ పేరు హయాత్ బఖ్షీ బేగంది. అక్కడ మస్జిద్ చుట్టూ వందకు పైగా గదుల సరాయి, పక్కన ఏనుగులతో నీళ్లు తోడించే హాథీ బావ్లీ. అది గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే షాహ్‌రాహ్. వజ్రాలు, కలంకారీ బట్ట, ఎర్రసముద్రం వైపు ఓడలెక్కే హాజీలు ఆ దారినే పోయారు. ఒక రాణి కట్టించిన గదులు ఎందరి నెత్తి మీద బరువు దించాయో లెక్కలేదు. సరాయిలో కప్పు, నీళ్లు ఉన్నాయంటే డేరా, కుండ మోయక్కర్లేదు కదా.

ఓడలో ఇల్లు

దారి నమ్మకంగా లేని చోట సంచి ఎలా పెరుగుతుందో తెలియాలంటే ఆవిరి ఓడల కాలపు హజ్ సఫర్ చూడాలి. బొంబాయి నుంచి జిద్దాకు పది పదిహేను రోజులు. డెక్ మీద చోటు. చాలా కాలం హాజీలు తమ వంట తామే చేసుకునేవారు. బియ్యం, పప్పు, ఎండు మిరపకాయలు, అచార్ జాడీలు, పొయ్యి, బొగ్గు, దేగ్చీలు, బద్నా, పరుపు, ఇహ్రామ్. అన్నిటి అడుగున కఫన్ బట్ట. తిరిగి వస్తామో రామో, వస్తే జమ్‌జమ్‌లో తడిపి తెచ్చుకుంటాం అని. జిద్దాలో దిగాక మక్కాకు ఒంటె, మదీనాకు ఇంకా ఎన్నో రోజులు. మొత్తం సఫర్‌కి నెలలు పట్టేది. తోషా నెలల లెక్కనే కట్టాలి.

పైగా 1882 నుంచి ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ పెట్టారు. కలరా భయం. హాజీలను దించి, వాళ్ల బట్టలు, మూటలు ఆవిరి యంత్రాల్లో పెట్టి తీసేవారు. నెలల ముందు నుంచి ఒక్కొక్కటిగా సర్దుకున్న మూటలను పరాయి చేతులు విప్పడం మనవాళ్లకు అప్పుడే అలవాటైంది.

ఈ కష్టాన్ని తగ్గించింది ఎవరు? బొంబాయిలో హాజీ సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా లాంటివి కట్టించిన తాజిర్‌లు. మక్కాలో తమ రియాసత్ హాజీలు దిగడానికి రుబాత్‌లు ఇచ్చిన హైదరాబాద్ నిజాంలు. రుబాత్‌లో గది ఉందంటే హాజీ నెత్తి మీది బరువు కొంత దిగినట్టే. 1995తో మన దేశం నుంచి హజ్ ఓడల సఫర్ ఆగిపోయింది. ఇప్పుడు మనవాళ్లు హైదరాబాద్‌లోనే విమానం ఎక్కుతారు. జమ్‌జమ్ 5 లీటర్ల డబ్బా వచ్చేటప్పుడు దొరుకుతుంది. పొయ్యి, బొగ్గు సంగతి మనవళ్లకు చెబితే నవ్వుతారు.

బిస్తర్‌బంద్ ఎందుకు పోయింది

మా తరం పిల్లప్పుడు ప్రతి ఇంట్లో ఒక బిస్తర్‌బంద్ ఉండేది. హోల్డాల్ అని కూడా అనేవాళ్లు. మందపాటి ఖాకీ కాన్వాస్, రెండు తోలు పట్టీలు, ఇత్తడి బకిల్స్. లోపల పరుపు, దుప్పటి, దిండు. రెండు కొసల్లో జేబులు, వాటిలో చెప్పులు, లోటా, తువ్వాలు, అబ్బా దాచుకునే అఖ్బార్. దాన్ని చుట్టాలంటే ఒకరు మోకాలు పెట్టి అదమాలి, ఇంకొకరు పట్టీ లాగాలి. దానికి తోడు ట్రంకుపెట్టె, మీద తెల్ల రంగుతో పేరు, ఊరు.

ఆ బిస్తర్‌బంద్ ఎలా మాయమైంది? ఫ్యాషన్ మారి కాదు. అప్పటిదాకా సెకండ్ క్లాస్ స్లీపర్‌లో బెర్తులు ఉత్త చెక్కవి. 1977 నుంచి 1979 దాకా రైల్వే మంత్రిగా ఉన్న మధు దండవతే వాటి మీద రెండు అంగుళాల నురుగు పరుపు వేయించే పని మొదలుపెట్టారు. తర్వాత ఏసీ బోగీల్లో దుప్పటి, దిండు కూడా రైల్వే వాళ్లే ఇవ్వసాగారు. పరుపు రైలే ఇస్తుంటే ఇంటి నుంచి మోయడం ఎందుకు? రెండు అంగుళాల నురుగు కోట్ల మంది నెత్తి మీది పరుపును దించింది. షేర్‌షా సరాయికి, దండవతే బెర్తుకు నాకు పెద్ద తేడా కనిపించదు.

గల్ఫ్ పెట్టె

అన్ని సంచులూ కాలంతో పాటు చిన్నవి కాలేదు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పని పుట్టింది. హైదరాబాద్ పాతబస్తీ, కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి మనవాళ్లు బయల్దేరారు. పోయేటప్పుడు రెగ్జిన్ బ్యాగులో రెండు జతల బట్టలు, గోంగూర పచ్చడి, అమ్మీ చేతి తావీజ్. వచ్చేటప్పుడు తాళ్లతో అటూ ఇటూ బిగించిన పెట్టెలు, మీద నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు. లోపల టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్, టాంగ్ పొడి, పాలపొడి డబ్బాలు, అత్తర్, పూల కంబళి, చెల్లెలి షాదీకి బట్ట.

ఆ పెట్టెను చూసి నవ్వినవాళ్లున్నారు. కానీ ఆ పెట్టె ఎందుకంత పెద్దదో ఆలోచించాలి. దారి కోసం కాదు, ఇంటి కోసం. ఎదురుచూసే ప్రతి మనిషికీ అందులో ఒక చోటు ఉండేది. ఫూఫుకు కంబళి, పక్కింటి పిల్లవాడికి కూడా ఒక పెన్ను. రెండు మూడేళ్ల గైర్‌హాజరీకి ఆ పెట్టె జవాబు. దాని తూకం కిలోల్లో చూస్తే అర్థం కాదు.

హమాలీ వీపు నుంచి మన వీపుకి

ఇప్పుడు బ్యాక్‌ప్యాక్‌కు వద్దాం. వీపు మీద బరువు కొత్త కాదు. మన బజార్లలో హమాలీలు ఎప్పటి నుంచో మోస్తున్నారు. హమ్మాల్ అంటే అరబీలో మోసేవాడు. పెట్టెకు చక్రాలు పెట్టాలన్న ఖయాల్ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి. మనిషి 1969లో చంద్రుడి మీద కాలు పెట్టాడు. చక్రాల సూట్‌కేసుకు అమెరికాలో బెర్నార్డ్ సాడో పేటెంట్ పొందింది 1972లో. నిలువుగా రెండు చక్రాల మీద, పొడుగు పిడి పట్టి లాగే పెట్టెను రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారు చేసింది 1987లో. మోయడానికి ఇంకొకరి వీపు తక్కువ ఖర్చుకు దొరికినన్నాళ్లు పెట్టె కొనేవాళ్లు చక్రం గురించి ఆలోచించలేదనిపిస్తుంది నాకు.

బ్యాక్‌ప్యాక్ కొండలెక్కేవాళ్ల నుంచి, ఫౌజీల నుంచి వచ్చింది. గిడియన్ సండ్‌బాక్ జిప్‌కు 1917లో పేటెంట్ వచ్చింది. 1938లో డూపాంట్ కంపెనీ నైలాన్‌ను లోకానికి చూపించింది. ఈ రెండూ కలిస్తే తోలు, కాన్వాస్ కంటే ఎంతో తేలికైన సంచి అయింది. 1952లో అమెరికాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రంతో సంచులు కుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. బరువును భుజాల మీద నుంచి నడుము మీదికి దించాలన్నది అందులో కీలకం. 1967లో గ్రెగ్ లోవ్ ఆ చట్రాన్ని సంచి లోపలికి తెచ్చాడు. ఇవాళ మంచి బ్యాగుకు నడుము పట్టీ ఉండటానికి కారణం అదే. నడుము పట్టీ అనగానే నాకు అస్మా (ర) నితాఖ్ గుర్తొస్తుంది.

దాన్ని క్యాబిన్ బ్యాగుగా మార్చింది విమాన టికెట్. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాక మామూలు మనుషులు విమానం ఎక్కసాగారు. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింద వేసే మొదటి బ్యాగుకే 15 డాలర్లు అడగడం మొదలుపెట్టింది, మిగతావాళ్లు అదే బాట పట్టారు. అప్పటి నుంచి చేతిలో పట్టుకుపోయేదే ముఫ్త్. మన దగ్గర ఎకానమీలో మామూలుగా 7 కిలోలు. బ్యాగే కిలోన్నర ఉంటే సామాన్‌కు మిగిలేది అయిదున్నర. అందుకే కొనేటప్పుడు జేబులు లెక్కపెట్టే ముందు ఖాళీ బ్యాగును తూకం వేసి చూడండి.

ఈ చిన్న బ్యాగు వెనక ఏ ఇంతెజామ్ ఉంది? దిగిన చోట హోటల్ గది, అందులో తువ్వాలు, సబ్బు. ఫోన్‌లో పైసలు, ఫోన్‌లో టికెట్, ఫోన్‌లోనే ఖిబ్లా, అజాన్ వేళ. పాత సరాయిలన్నీ అద్దెకు మారాయి. సంచి చిన్నదైంది, కానీ దారి ఇప్పుడు డబ్బున్నవాడినే గుర్తుపడుతుంది.

యూసుఫ్ (అ) తమ్ముడి మూట

ఇంకో మాట చెప్పకపోతే ఈ కథ అధూరా. సూరె యూసుఫ్‌లో సామాన్ తలాషీ ఉంది. యూసుఫ్ (అ) అన్నదమ్ములు గల్లా కోసం మిస్ర్‌కు వచ్చారు. తిరుగు ప్రయాణంలో తమ్ముడి మూటలో రాజుగారి ప్యాలా పెట్టించారు. ఖాఫిలా కదలగానే, మీరు దొంగలు అనే కేక. ముందు మిగతావాళ్ల మూటలు వెతికారు, తర్వాత తమ్ముడి మూట. ప్యాలా అందులో దొరికింది. చదివేవాళ్లకు తెలుసు తమ్ముడు బేగునా అని. అక్కడ ఆ ప్యాలా పెట్టింది ప్రేమతో, తమ్ముణ్ణి దగ్గర ఉంచుకోవాలని.

మన కాలంలో మూటలో ఎవరో పెట్టినదానికి ప్రేమ కారణం కాదు. విమానాశ్రయాల్లో తలాషీ 1973 జనవరి నుంచి అమెరికాలో తప్పనిసరి అయింది. 2001 తర్వాత మరీ బిగిసింది. 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడిన కుట్ర తర్వాత నీళ్ల సీసా మీద కూడా హద్దు పెట్టారు, అంతర్జాతీయ విమానాల్లో 100 మిల్లీలీటర్లు. అందరి భద్రత కోసమంటే మనకేం ఎతరాజ్ లేదు. కానీ గడ్డం, టోపీ, వీపు మీద బ్యాగు మూడూ ఒక కుర్రాడికి ఉంటే వరుసలో అతని బ్యాగే ఎందుకు ముందు తెరుస్తారు? ప్రతి ముస్లిం ఇంట్లో ఒక అమ్మీ, సర్దిన బ్యాగును కొడుకు చేతికిచ్చేటప్పుడు, ఎవరైనా అడిగితే కోపగించుకోకు బేటా అని నెమ్మదిగా చెబుతుంది. ఆ మాట బరువు 7 కిలోల లెక్కలో రాదు.

అందుకని కొన్ని పనికొచ్చే మాటలు. టికెట్, ఆధార్ పై జేబులో ఉంచుకోండి. బ్యాగు మీరే సర్దుకోండి, మీ కళ్ల ముందే మూయండి. గల్ఫ్‌కో ఉమ్రాకో పోతుంటే ఎవరి పార్సెలూ విప్పి చూడకుండా తీసుకోవద్దు, రిష్తేదార్ పంపినా సరే. ఖుర్మాలో వేసే ఖస్‌ఖస్, అదే గసగసాలు, సౌదీలో, ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. ఇంటి మసాలా పొట్లంలో ఉన్నా జైలు తప్పకపోవచ్చు. మందులుంటే డాక్టర్ చీటీ తోడు పెట్టుకోండి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, కింద వేసే సామాన్‌లో పెట్టనివ్వరు.

మూడు రోజుల మెహమానీ

వారాంతపు సఫర్ అంటే రెండు మూడు రోజులు. మన దీన్‌లో ఆ మూడు రోజులకు ఒక స్థానం ఉంది. తోలు మోజాల మీద మసహ్ చేసే వీలు ఇంట్లో ఉన్నవాడికి ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కు మూడు పగళ్లు మూడు రాత్రులు. మెహమానీ హఖ్ మూడు రోజులు, ఆ పైన పెట్టేది సదఖా. అంతకు మించి ఉండి ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టవద్దని మెహమాన్‌కు కూడా చెప్పారు. మన హనఫీ ఉలమా లెక్కలో సుమారు 78 కిలోమీటర్లు దాటి, పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే సఫర్‌లో నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండవుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయినా చాలు. ముసాఫిర్ కోసం నమాజ్‌నే తేలిక చేశారంటే, అతని బరువు దించడం ఎంత పెద్ద ఇబాదతో చూడండి. సూరె తౌబా 60వ ఆయత్‌లో జకాత్ చేరాల్సిన ఎనిమిది రకాల వాళ్లలో ఇబ్నుస్సబీల్, అంటే దారిలో చిక్కుకున్న ముసాఫిర్, ఒకడు. ఇంట్లో ఎంత ఆస్తి ఉన్నా సరే, దారిలో సంచి పోయినవాడికి హఖ్ ఉంది.

కాబట్టి పిల్లలూ, ఆ బ్యాక్‌ప్యాక్ కొనుక్కోండి. రెండు జతల బట్టలు, జానమాజ్, మిస్వాక్, చార్జర్, మందులు, నీళ్ల సీసా, ఒక డబ్బా ఖజూర్. ఇంకొకరికి ఇవ్వడానికి సరిపడా కొంచెం ఎక్కువ పెట్టుకోండి. కానీ బంధువులున్న ఊరికి పోతే మూడింట ఒక్కసారైనా హోటల్ మానేసి ఖాలా ఇంట్లో దిగండి. మీ ఇంటికి ఎవరైనా చిన్న సంచితో వస్తే తువ్వాలు కూడా తెచ్చుకోలేదే అని నసగకండి. చిన్న సంచితో వచ్చినవాడు మన ఇంటిని నమ్ముకుని వచ్చాడు.

మీ అటక మీద దాదా గారి బిస్తర్‌బంద్, దాదీ గారి హజ్ ట్రంకుపెట్టె ఇంకా ఉంటే పాత సామాన్‌వాడికి వేయకండి. కిందికి దించి పిల్లలతో తెరిపించండి, ఎవరు ఎక్కడికి పోయారో, దారిలో వాళ్లకు రొట్టె పెట్టిందెవరో చెప్పండి. దువాలో యాద్ ఉంచుకోండి. ఫీ అమానిల్లాహ్.